దక్షిణాకాశమున జంటతార

వివాహమైన రాత్రి పురోహితుడు నూతన దంపతులను ముంగిటిలోనికి తోడ్కొని వచ్చి, ఉత్తరదిక్కున ధ్రువుని, పిమ్మట అరుంధతిని చూపుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. సప్తర్షి మండలమున వసిష్ఠుని ప్రక్కన మినుకుమినుకుమను ఆ చిన్న చుక్క ఒక్కసారిగా కంటికి అందదు. అందుచేత పెద్దలు ముందుగా దాని చెంతనున్న పెద్ద చుక్కను చూపి, దానిపై చూపు నిలిచిన తరువాత, ఇది కాదు, దీని ప్రక్కనున్నది అరుంధతి అని చెప్పుదురు. శాస్త్రకారులు దీనికి స్థూలారుంధతీ న్యాయమని పేరుపెట్టిరి. కనబడుదానిని పట్టుకొని కనబడనిదానిని చేరుట ఈ న్యాయమునకు ప్రాణము. ఆచార్యుడు శిష్యునకు తత్త్వమును ఉపదేశించు పద్ధతియు ఇదియే.

ఉత్తరాకాశమున అరుంధతీవసిష్ఠులు ఉన్నట్లే దక్షిణాకాశమునను ఒక జంట కలదు. అయితే దానిని చూచువారికి అది జంట యని తోచదు. మిక్కిలి ప్రకాశముగల ఒకేయొక నక్షత్రముగా అది కనబడును. రాత్రి ఆకాశమున కనబడు నక్షత్రములలో లుబ్ధకము మొదటిది, అగస్త్యము రెండవది కాగా, కాంతిలో మూడవ స్థానము దీనిది. నేటి ఖగోళశాస్త్రము దీనిని ఆల్ఫా సెంటారి అని పిలుచుచున్నది. ఈ జంటతారను స్థూలముగా చూపి, దాని వెనుకనున్న సూక్ష్మమును, ఆ సూక్ష్మమునకును సూక్ష్మమైన అంతర్యామి తత్త్వమును స్మరించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పాలమూరు జిల్లాలోని జడ్చర్ల పట్టణము ఉత్తరదక్షిణములుగా సాగు మహామార్గముపై నున్నది. పూర్వము ఏడవ నెంబరు జాతీయ రహదారి యనబడి, వారణాసి నుండి కన్యాకుమారి వరకు సాగిన ఆ బాట నేడు ఈ ప్రాంతమున 44వ నెంబరు రహదారిగా పిలువబడుచున్నది. కాశీయాత్రకు ఉత్తరమునకు పోవువారును, శ్రీరంగ రామేశ్వరములకు దక్షిణమునకు పోవువారును ఈ యూరిమీదుగా నడచిన బాట అది. ఆ బాట వెంబడి ఒక వింత కలదు. కాశిలో ఈ జంటతార దక్షిణ క్షితిజమునకు నాలుగు డిగ్రీలకు మించి పైకి రాదు. చెట్టుచాటునను, ధూళిచాటునను అది మరుగుపడును. జడ్చర్లలో 12 డిగ్రీల యెత్తునకు వచ్చును. చేయి చాచి పిడికిలి బిగించినచో ఆ పిడికిలి వెడల్పు సుమారు 10 డిగ్రీలు గనుక, నేలకు పిడికెడుకంటె కొంచెము పైన అని గ్రహింపవచ్చును. శ్రీరంగమున 18 డిగ్రీలు, కన్యాకుమారిలో 21 డిగ్రీలు. యాత్రికుడు దక్షిణమునకు సాగినకొలది ఈ తార మెట్టుమెట్టుగా పైకి లేచి వానికి దర్శనమిచ్చును.

ఉత్తరమున బదరికాశ్రమమునకు పోయిన భక్తుడు దీనిని ఎంత వెదకినను చూడలేడు. అక్కడ ఇది ఎన్నడును క్షితిజమునకు పైకి రాదు. బదరియు శ్రీరంగమును నూటయెనిమిది దివ్యదేశములలోనివే. ఒక దివ్యదేశమున లేని నక్షత్రము మరియొక దివ్యదేశమున పుట్టినదా? లేదు. నక్షత్రము ఉన్నచోటనే యున్నది. భూమి గుండ్రముగా ఉండుటచేత దాని ఉబ్బే అడ్డుగోడయై బదరిలోని చూపును ఆపుచున్నది. భగవంతుడు కనబడలేదు గనుక లేడని పలుకువారు ఈ ఒక్క దృష్టాంతమును ఆలోచింపవలెను. కనబడకపోవుటకు కారణము చూడబడు వస్తువునందే కాదు, చూచువాడు నిలిచిన చోటునందును ఉండవచ్చును. అడ్డుగోడ తొలగుటకు నక్షత్రము కదలనక్కరలేదు, మనిషి కదలవలెను. యాత్ర యనగా ఇదియే. ఆచార్యుని ఆశ్రయించుటయు ఇట్టిదే. ఆచార్యుడు భగవంతుని క్రొత్తగా తెచ్చి చూపడు. శిష్యుని నిలువదగిన చోట నిలుపును.

ఈ తారను చూడగోరువారికి పాలమూరు ప్రాంతమున అనువైన వేళలు కొన్ని కలవు. ధనుర్మాసమున తిరుప్పావై సేవాకాలమునకు ముందుగా లేచినవారు తెల్లవారుజామున దక్షిణదిక్కున, కొంచెము తూర్పునకు ఒరిగి, నేలకు దగ్గరగా దీనిని చూడవచ్చును. ఆండాళ్ తల్లి పదమూడవ పాశురమున శుక్రోదయమును, గురుని అస్తమయమును చెప్పి గోపికలను మేల్కొలిపినది. ఆకాశమును చూచి వేళ గుర్తించి లేచుట వ్రతములో భాగమేయని ఆ తల్లి మాటవలన తెలియుచున్నది. మాఘమాసమున మన్యంకొండ వేంకటేశ్వరుని బ్రహ్మోత్సవములకు వచ్చి కొండపై రాత్రి గడపు భక్తులకు ఇది మరింత సులభము. ఫిబ్రవరి నడుమ ఉదయము అయిదున్నర గంటల వేళ ఈ జంటతార సరిగా దక్షిణమున తన యెత్తున నిలుచును. వైశాఖమున నృసింహ జయంతినాడు ఉపవాసముండి మేల్కొనువారికి రాత్రి పదునొకండు గంటలు దాటిన పిమ్మట అదే చోట కనబడును.

గుర్తుపట్టుటకు ముందుగా త్రిశంకుని చూడవలెను. సూర్యవంశపు రాజైన త్రిశంకుని కథ శ్రీమద్రామాయణమున బాలకాండయందు వచ్చును. సశరీరముగా స్వర్గమునకు పోగోరి, విశ్వామిత్రుని తపోబలముచే పైకి పోయి, దేవతలచే త్రోయబడి, తలక్రిందులుగా ఆకాశమున నిలిచినవాడు అతడు. విశ్వామిత్రుడు అతనికొరకు దక్షిణాకాశమున వేరుగ సప్తర్షులను, నక్షత్రములను సృజించెనని ఆ కథ. నాలుగు చుక్కలతో శిలువ ఆకారమున కనబడు నక్షత్రకూటమిని నేడు లోకమున త్రిశంకుడని చెప్పుచున్నారు. దక్షిణమునకు ముఖముగా నిలిచి చూచినపుడు దానికి ఎడమవైపున రెండు పెద్ద నక్షత్రములు ప్రక్కప్రక్కన మెరయుచుండును. వానిలో త్రిశంకునకు దగ్గరనున్నది బీటా సెంటారి. దానికి అవతల, మరింత ఎడమగా, మరింత కాంతితో నున్నదే ఆల్ఫా సెంటారి.

ఇచట మానవనేత్రము రెండు విధములుగా మోసపోవుచున్నది. ఆ రెండు నక్షత్రములు ఒకదాని ప్రక్కనొకటి యుండుటచేత చూచువాడు వానిని జంటయని భావించును. వాస్తవమునకు వానికి ఏ సంబంధమును లేదు. ఆల్ఫా సెంటారి మనకు 4.37 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. బీటా సెంటారి సుమారు 390 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. ఒకటి పొరుగింటి దీపము, మరియొకటి ఏడూళ్ళకవతల కొండపై దీపము. ఒకే కిటికీలోనుండి చూచువానికి రెండును ప్రక్కప్రక్కన వెలుగుచున్నట్లు తోచును. ఇది మొదటి మోసము. ఇక ఒంటరిగా తోచు ఆ ఆల్ఫా సెంటారి యొక్క నక్షత్రము కాదు, రెండు నక్షత్రములు. ఇది రెండవ మోసము. దగ్గరగా కనబడునవి పరాయివి, ఒంటరిగా కనబడునది జంట. లోకవ్యవహారమునను ఇట్లే జరుగుచుండును. ఒకే అరుగుపై కూర్చుండువారందరును ఆప్తులు కారు. కంటికి కనబడని బంధము గలవారు ఆప్తులు.

ఈ తార జంటయని మొదట తెలిసిన స్థలము మన దక్షిణదేశమే యగుట గమనింపదగినది. 1689వ సంవత్సరము డిసెంబరు మాసమున పుదుచ్చేరిలో నున్న రిషో యను ఫ్రెంచి జెసూట్ మతగురువు ఒక తోకచుక్కను పరిశీలించుటకై దూరదర్శినిని ఆకాశమునకు త్రిప్పెను. అంతకు కొంతకాలము ముందు ఆయన సయాం దేశమున ఉండెను. ఆ తోకచుక్కను చూచుచుండగా సమీపముననున్న ఈ ప్రకాశవంతమైన తార రెండుగా విడివడి కనబడెను. ఆయన వెదకినది వేరు, దొరకినది వేరు. అప్పటివరకు దూరదర్శిని లేక దీనిని రెండుగా చూచుట ఎవ్వరికిని సాధ్యము కాదు. ఎంత తీక్ష్ణమైన కన్నైనను రెండు బిందువుల నడుమ సుమారు 60 వికలల కోణమున్నప్పుడు గాని వానిని వేరుగా గ్రహింపజాలదు. ఈ రెండు తారల నడుమ ఎడము మిక్కిలి పెరిగినపుడును 22 వికలలకు మించదు.

ఆ తరువాత థామస్ హెండర్సన్ అను ఖగోళజ్ఞుడు దక్షిణాఫ్రికాలోని గుడ్‌హోప్ అగ్రమున 1832, 1833 సంవత్సరములలో చేసిన పరిశీలనల ఆధారముగా దీని దూరమును లెక్కించి, 1839లో ప్రకటించెను. ఆల్ఫా సెంటారి మనకు సమీపమున నున్న నక్షత్రమని లోకమునకు అప్పుడు తెలిసినది. జంటనక్షత్రముల విచారణ తెలంగాణమునకును క్రొత్త కాదు. ఉస్మానియా విశ్వవిద్యాలయము జాపాల్ రంగాపూరువద్ద 1968లో నెలకొల్పిన 48 అంగుళముల దూరదర్శినితో జంటనక్షత్రములను గూర్చియే అనేక సంవత్సరములు పరిశోధనలు జరిగినవి.

అన్యమతస్థుడైన ఒక గురువు కనుగొన్న సత్యమును వైష్ణవులు ఏల తలపవలెనని ఎవరైన అడుగవచ్చును. నక్షత్రములు ఏ మతమువారివి? సర్వజగత్తును భగవంతునకు శరీరమని నమ్మినవారికి జగత్తును గూర్చిన ప్రతి యథార్థ జ్ఞానమును ఆ శరీరమును గూర్చిన జ్ఞానమే యగును. దానిని ఎవరు తెచ్చి యిచ్చినను ఆదరించుటలో దోషము లేదు. అట్లని మన ఋషులకు ఈ లెక్కలన్నియు ముందే తెలియునని చెప్పుకొనుటయు తగదు. లేని గొప్పను శాస్త్రమునకు అంటగట్టుట శాస్త్రమునకు గౌరవము కాదు. గణితము చెప్పవలసినది గణితము చెప్పును, వేదాంతము చెప్పవలసినది వేదాంతము చెప్పును. ఒకదాని వెలుగులో మరియొకదానిని మననము చేయుట భక్తుని పని.

ఇక ఆ జంట తీరు ఎట్టిదో చూతము. రెండును సూర్యునివంటి నక్షత్రములే. పెద్దదాని ద్రవ్యరాశి సూర్యునికంటె కొంచెమెక్కువ, సుమారు 1.08 రెట్లు. చిన్నదాని ద్రవ్యరాశి కొంచెము తక్కువ, సుమారు 0.91 రెట్లు. చిన్నది పెద్దదాని చుట్టు తిరుగుచున్నదని సామాన్యముగా చెప్పుదురు గాని, అది పూర్తిగా నిజము కాదు. పెద్దదియు తిరుగుచునే యున్నది. రెండును తమ రెంటి నడుమనున్న ఒక స్థానము చుట్టు తిరుగుచున్నవి. ఖగోళశాస్త్రము దానిని ద్రవ్యరాశి కేంద్రమనును.

మన పల్లెలలో కావడి మోయువానిని చూచినవారికి ఇది సులభముగా తెలియును. కావడిబద్ద రెండు కొనలను రెండు కడవలుండును. రెండును సమానముగా బరువున్నచో బద్ద నడిమి భాగము భుజముపై నిలుచును. ఒకటి బరువైనచో భుజము ఆ కడవవైపునకు కొంచెము జరుగును. అంతియే గాని ఏ కడవయు తానే భుజమని చెప్పుకొనజాలదు. ఈ తారలయందును ఆ కేంద్రము పెద్దదానికి కొంచెము దగ్గరగా నున్నది, చిన్నదానికి కొంచెము దూరముగా నున్నది. కాని అది పెద్దదానియందును లేదు, చిన్నదానియందును లేదు. ఎంత గొప్ప దూరదర్శినితో చూచినను ఆ చోట ఏ వెలుగును కనబడదు. రెండు సూర్యులు ఏ స్థానమును వీడక తిరుగుచున్నవో ఆ స్థానము కంటికి శూన్యముగా తోచును.

ఈ చిత్రమును మనస్సున నిలుపుకొని బృహదారణ్యకోపనిషత్తులోని అంతర్యామి బ్రాహ్మణమును స్మరింపవలెను. ఉద్దాలక ఆరుణి జనకుని సభలో యాజ్ఞవల్క్యుని, ఈ లోకమును పరలోకమును సర్వభూతములను కూర్చిపట్టియున్న సూత్రమేది, వానిని లోపలినుండి నియమించువాడెవడు అని ప్రశ్నించెను. యాజ్ఞవల్క్యుడు పృథివి మొదలుకొని ఒక్కొక్కదానిని చెప్పుచు, ప్రతిదానియందును ఉండి, ఆ వస్తువునకు తాను తెలియక, ఆ వస్తువునే శరీరముగా గలిగి, లోపలనుండి దానిని నడుపువాడు అంతర్యామి యని బదులు చెప్పెను. ఆ వరుసలో చంద్రతారకములును చెప్పబడినవి. నక్షత్రములయందు వాడున్నాడు, కాని నక్షత్రములకు వాడు తెలియడు. భగవద్రామానుజులు చిదచిత్తులు రెండును పరమాత్మకు శరీరమనియు, పరమాత్మ వానికి ఆత్మయనియు నిరూపించి, భేదము చెప్పు శ్రుతులకును అభేదము చెప్పు శ్రుతులకును సమన్వయము చూపుటలో ఈ బ్రాహ్మణమే ముఖ్యాధారమైనది. వాడును వేరే, జీవుడును వేరే. కాని వానిని విడిచి జీవునికి నిలుకడ లేదు. దీనినే అపృథక్సిద్ధి యనిరి.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. ఉపమానము సర్వాంశములయందును పొసగదు. ఆ ద్రవ్యరాశి కేంద్రము ఒక స్థానము మాత్రమే. అది చేతనము కాదు, దానికి దయ లేదు. పరమాత్మ రెండు వస్తువుల నడుమ మాత్రమే యుండు బిందువు కాడు. వాడు పెద్ద తారయందును, చిన్న తారయందును, రెంటి నడుమనున్న ఆకాశమునందును, ఆ తారలను చూచు కన్నునందును ఉన్నాడు. కాబట్టి ఈ తారల కేంద్రమే దేవుడని ఎవరును భ్రమపడరాదు. కనబడనిది శూన్యము కాదనియు, కనబడనిదే కనబడుదానిని నిలుపుచుండవచ్చుననియు తెలుపుట వరకే ఈ ఉపమానమునకు పని.

అట్లే ఈ జంటను శ్రీమన్నారాయణుల దివ్యమిథునముతో పోల్చుటయు పొసగదు. జడ్చర్లకు సమీపమున గంగాపురమున చాళుక్యులనాటి ఆలయమందు చెన్నకేశవస్వామి లక్ష్మీసమేతుడై వెలసియున్నాడు. ఆ తల్లి స్వామిని క్షణమైనను ఎడబాయునది కాదు. ఆకాశమునందలి జంటకో, దగ్గరయగుటయు దూరమగుటయు కలదు. ఈ ధర్మము సంసారులది. కావుననే సంసారులమగు మనకు ఆ జంటనుండి నేర్చుకొనవలసినది కలదు.

ఆ రెండు తారలు ఒక ప్రదక్షిణము పూర్తిచేయుటకు దాదాపు 80 సంవత్సరములు పట్టును. మిక్కిలి దగ్గరకు వచ్చినపుడు వాని నడుమ దూరము సూర్యునికి భూమికి గల దూరమునకు 11 రెట్లు. మిక్కిలి ఎడమైనపుడు సుమారు 36 రెట్లు. అవి 1955లో దగ్గరగా వచ్చినవి. 1995లో మిక్కిలి దూరమైనవి. మరల 2035లో దగ్గరకు రానున్నవి. ఎనుబదియేండ్లనగా మన సంప్రదాయమున పూర్ణజీవితమునకు గుర్తు. వేయి పున్నములు చూచినవానికి సహస్రచంద్రదర్శన శాంతి చేయుదురు. వేయి పున్నములకు 80 సంవత్సరములమీద సుమారు 10 మాసములగును. 1955లో పుట్టిన బిడ్డ వేయి పున్నములు చూచునాటికి ఆకాశమున ఈ దంపతులు ఒక ప్రదక్షిణమును ముగించియుందురు.

ఆ ప్రదక్షిణములో గమనింపదగిన మర్మమొకటి కలదు. దగ్గరగా నున్నప్పుడు ఆ తారలు వేగముగా తిరుగును. దూరమైనకొలది వేగము తగ్గును. మిక్కిలి దూరమైనచోట మిక్కిలి నిదానించును. చూచువానికి ఇక బంధము తెగిపోవునేమోయని తోచుచోటు అది. కాని సరిగా అక్కడనే తిరుగుముఖము పట్టును. దూరమున ఆకర్షణ తగ్గునే గాని నశింపదు. ఆ మిగిలిన ఆకర్షణయే వానిని వెనుకకు మరల్చును. దూరము యొక్క చివరి హద్దే మరలివచ్చుటకు మొదటి అడుగు.

పాలమూరు గడ్డకు ఈ మాట కేవలము దృష్టాంతము కాదు. వానలు తక్కువైన మెట్టనేలలు గల ఈ ప్రాంతమునుండి వేలకొలది కుటుంబములు తరతరములుగా కూలికై వలసపోయినవి. దేశములో అనేకచోట్ల ఆనకట్టలు, కాలువలు, రహదారులు పాలమూరు కూలీల చేతిమీద వెలసినవి. కొన్ని యిండ్లలో భర్త దూరదేశమున, భార్య ముసలివారైన అత్తమామలతో ఊరియందు. కొన్ని యిండ్లలో ఆలుమగలిద్దరును పనిచోట, పిల్లలు అవ్వతాతల చెంత. నేడు పట్టణములలోను, విదేశములలోను ఉద్యోగముచే విడివడిన కుటుంబములకును ఇదే స్థితి. ఇట్టి యిండ్లు దేనివలన నిలుచును? ఎడబాటు కలిగినంతనే ఇల్లు చెడదు. ఇద్దరిలో ప్రతివారును నేనే నడిమివాడను, తక్కినవారందరు నా చుట్టు తిరుగవలెననుకొన్ననాడు ఒకే కప్పు క్రింద నున్నను ఇల్లు చెడును. సంపాదించి పంపువాడు తానే కేంద్రమనును. ఇంటిని మోయునది తానే కేంద్రమనును. కావడిలోని రెండు కడవలును భుజము తామేయని తగవులాడినట్లగును.

గృహస్థుల యిండ్లలో తిరువారాధనమును పెద్దలు ఏర్పరచుటకు కారణమిది. ఇంటి నడుమ పెరుమాళ్ళు వేంచేసియుండగా యజమానుడును సేవకుడే, ఇల్లాలును సేవకురాలే. వండినది వాని ఆరగింపునకు, సంపాదించినది వాని కైంకర్యమునకు. తినునది వాని ప్రసాదము. కేంద్రము తమయందు లేదని తెలిసిన ఇద్దరికి ఎవరు పెద్దయను తగవు మిగులదు. బరువెక్కువ మోయువారు వానికి కొంచెము దగ్గరగా తిరుగుదురు, బరువు తక్కువ మోయువారు కొంచెము దూరముగా తిరుగుదురు. అంతియే భేదము. దూరమున నున్నవాడు సాయంసంధ్యవేళ తానున్న గుడిసెలో ఒక తులసిదళమును తలచి నామము పలికినపుడును, ఊరనున్న ఇల్లాలు అదే వేళ దీపము పెట్టినపుడును, ఇద్దరును ఒకే చోటు చుట్టు తిరుగుచున్నవారే.

అయితే నామము పలికితిని గదా యని కర్తవ్యమును విడుచుటకు ఇది సాకు కారాదు. దూరమైన తార తన మార్గమును విడువలేదు. దూరముననున్నవాడు ఇంటికి పంపవలసినది పంపవలెను, పలుకవలసిన మాట పలుకవలెను, రావలసిన పండుగకు రావలెను. ఇంటనున్నవారు వాని శ్రమను మరువరాదు. శ్రీరామచంద్రుడు ఋశ్యమూకమునను, సీతమ్మ లంకయందును ఉన్న దినములలో వారి బంధము తెగలేదు. ఆ స్వామి దక్షిణదిక్కునకే హనుమంతునిచేత ఉంగరమును పంపెను. తలంపుతో తృప్తిపడక ఆనవాలు పంపినాడు, సేతువు కట్టినాడు, తానే వచ్చినాడు. విరహమును అనుభవించుట భక్తి, దానిని తీర్చుటకు నడుము కట్టుట ధర్మము.

ఈ జంట కుటుంబమున మూడవదియు ఒకటి కలదు. 1915లో జోహాన్స్‌బర్గు వేధశాలయందు రాబర్ట్ ఇన్నెస్ అను ఖగోళజ్ఞుడు దానిని కనుగొనెను. అది మిక్కిలి చిన్నది, మసక వెలుగుది. కంటికి ఎంతమాత్రమును కనబడదు. జంటకు చాల దూరముగా నుండి, ఒక ప్రదక్షిణమునకు సుమారు అయిదున్నర లక్షల సంవత్సరములు తీసికొనును. కాని సూర్యుని విడిచినచో నక్షత్రములన్నింటిలో మనకు మిక్కిలి సమీపమైనది అదియే. దాని దూరము 4.24 కాంతి సంవత్సరములు. అందుచేత దానికి ప్రాక్సిమా, అనగా సమీపస్థ, అని పేరు వచ్చినది.

ఈ మూడవ తారను తలచినపుడు తిరుప్పాణాళ్వారు స్ఫురణకు వచ్చుట సహజము. పాణకులమువాడనని ఆనాటి లోకము దూరముంచగా, కావేరి యొడ్డున నిలిచి, శ్రీరంగనాథుని దూరమునుండియే కీర్తించిన మహానుభావుడాయన. గుడి వాకిట నిలిచినవారి కన్నులకు ఆయన కనబడలేదు. కాని స్వామికి సమీపమైనవాడాయనయే. లోకసారంగముని ఆయనను భుజములపై మోసికొని సన్నిధికి తీసికొని పోవలసివచ్చెను. ఎవరు దూరము, ఎవరు దగ్గర యని నిర్ణయించుటకు మన కన్ను చాలదు. మన ఇంటి వాకిట దూరముగా నిలిచిన ఏ కూలివాడు స్వామికి దగ్గరివాడో మనకు తెలియదు. వలసపోయిన కుటుంబములను, పనికై మన యూరికి వచ్చిన పరాయివారిని చిన్నచూపు చూచునపుడు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను.

శ్రీరంగనాథుడు దక్షిణమునకు ముఖముగా శయనించియున్నాడు. లంకకు పోవు విభీషణుని కటాక్షించుటకై స్వామి అట్లు శయనించెనని సంప్రదాయము చెప్పుచున్నది. తనవాడు దూరమైనను చూపును మరల్చని స్వామి ఆయన. ఆ స్వామి చూపు సాగు దిక్కుననే ఈ జంటతారయు ఉదయించి అస్తమించుచున్నది.

మాఘమాసపు తెల్లవారుజామున కొండమెట్లపైనో, ధనుర్మాసమున ఇంటి ముంగిటనో నిలిచి దక్షిణమునకు చూచువారు మొదట ఒక తారను చూతురు గాక. పిమ్మట అది రెండని తలతురు గాక. ఆ పిమ్మట రెంటికిని నడుమ, కన్ను చూడలేని చోట, రెంటిని నిలుపుచున్నదానిని భావింతురు గాక. అంతట చూపును ఆకాశమునుండి ఇంటిలోనికి మరల్చి, పెరుమాళ్ళ సన్నిధిలో దీపము వెలిగించి, దూరముననున్న తమవారిని పేరుపేరున తలచుకొందురు గాక. చంద్రతారకములలో నుండి వానిని నడుపు అంతర్యామి, విడివడిన ప్రతి గృహమును మరల కలుపుగాక.

జై శ్రీమన్నారాయణ.